టోకోనామెనా, బాంకోనా? పాత జపాన్ టీపాట్లలో ఏది మేలు?

పాత జపాన్ టీపాట్లు పోగుచేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా ఊగిసలాడేది ఈ రెండింటి మధ్యే. ఇసె అఖాతానికి తూర్పున చితా ద్వీపకల్పం మీద టోకోనామె ఉంటుంది, పడమటి ఒడ్డున బాంకో కుండలకు పేరుపడ్డ యొక్కైచి ఉంటుంది. మధ్యలో ఉన్నది కాసిన్ని నీళ్లే, కానీ ఈ ఒడ్డు పనితనానికీ ఆ ఒడ్డు పనితనానికీ పోలికే లేదు.

రోజూ టీ కాచుకుని తాగడానికైతే నేను టోకోనామెనే చెప్తాను. జపాన్ ఆరు ప్రాచీన కుండల కేంద్రాల్లో అదొకటి. అయినా శతాబ్దాల తరబడి అక్కడ ఎక్కువగా చేసింది పెద్ద పెద్ద జాడీలే, ఇప్పుడు మనందరికీ తెలిసిన ఎర్రమట్టి టీపాట్‌ను సుగియె జుమోన్ అనే కుమ్మరి 1854లో చేశాడు. 1878లో చైనా నుంచి జిన్ షిహెంగ్ వచ్చి, సారెతో పని లేకుండా మట్టిని రేకులుగా కొట్టి అతికే పద్ధతి నేర్పాడు, అది టీపాట్లకు పేరుపడ్డ చైనా ఊరు యిషింగ్‌ది. ఆ మట్టిలో ఇనుము ఉంటుంది కాబట్టి గాలి బాగా ఆడేలా కాలిస్తే ఎర్రబడుతుంది, పైన గ్లేజ్ (గాజులాంటి పూత) పూయరు. పక్కకి ఉన్న పిడి పట్టుకుని బొటనవేలితో మూత నొక్కిపెట్టి ఒంటిచేత్తో వంచితే, మంచి పాట్‌లో కొమ్ము నుంచి ధార తెగకుండా వస్తుంది, ఆపగానే చుక్క కూడా కిందికి జారదు. 1998లో జాతీయ సజీవ నిధిగా (గొప్ప చేతిపనివాళ్లకు జపాన్ ప్రభుత్వం ఇచ్చే గౌరవం) గుర్తింపు పొందిన మూడో యమదా జోజాన్ పాట్లు చూస్తే ఇంత సాదా ఆకారంలో ఇంత అందం ఎలా పట్టిందా అనిపిస్తుంది.

కానీ దాచుకోవడానికి ఒక్కటే కొనాలంటే మాత్రం నా ఓటు పాత బాంకోకే.

బాంకోను మొదలుపెట్టింది 18వ శతాబ్దంలో నునామి రోజాన్ అనే వ్యాపారి. బాంకో అంటే ఎప్పటికీ చెక్కుచెదరనిదని అర్థం, ఆ మాటనే తన కుండల మీద ముద్రగా వేశాడు. ఆయన పోయాక ఆగిపోయిన పనిని 1832లో మోరి యూసెత్సు మళ్లీ లేపాడు, ముక్కలు ముక్కలుగా విడదీయగలిగే చెక్క అచ్చు కనిపెట్టింది కూడా ఆయనే. అచ్చు చుట్టూ పల్చటి మట్టి పొర వేళ్లతో నొక్కి, తర్వాత లోపలి చెక్కముక్కలు ఒక్కొక్కటే బయటికి లాగేస్తారు. అందుకే ఈ పాట్లు చేతిలోకి తీసుకుంటే అంత తేలిగ్గా ఉంటాయి. కొన్నింటికి మూత తీసి వెలుతురుకు వంచి చూస్తే లోపలి గోడ మీద ఉబ్బెత్తు డ్రాగన్ కనిపిస్తుంది, ఎందుకంటే అచ్చు మీదే దాన్ని చెక్కారు. టీ పోశాక ఎవరికీ కనిపించని చోట అంత శ్రమ పెట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది! మూత మీది బుడిపె గిర్రున తిరిగేవి కూడా ఉన్నాయి.

జపాన్‌లోనే ఇంకో కుండల ఊరు హగి, అక్కడి పాట్లు కూడా అందమే, వాడేకొద్దీ గ్లేజ్ నెర్రెల్లోకి టీ ఇంకి రంగు మారుతుంది, కానీ మొదటి కొనుగోలుకు వద్దంటాను. ఆ మరకల్లో ఏది వయసు వల్ల వచ్చిందో ఏది పాడైపోవడం వల్ల వచ్చిందో కొత్తవాళ్లు పోల్చుకోలేరు.

ఏది కొన్నా ముద్ర చూసి మురిసిపోకండి, బాంకో ముద్ర ఎంతోమంది వేశారు. పాట్‌తో వచ్చే చెక్కపెట్టె మీది చేసినవాళ్ల సంతకాన్నీ గుడ్డిగా నమ్మొద్దు, పెట్టె ఒకరిది, పాట్ ఇంకొకరిది కావచ్చు. మూత తిప్పి చూడండి, అంచు చుట్టూ వేలు పోనిచ్చి పెచ్చు లేచిందేమో తడమండి. కొమ్ము మొదట్లో స్టీల్ జల్లెడ బిగించి ఉంటే, అమ్మేవాళ్లు ఎంత పాతదని చెప్పినా అది మెయిజీ కాలం (1868–1912) నాటి పాట్ అని నమ్మి డబ్బు పెట్టకండి.