విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో 17,500 రూపాయలకు కొన్న రిఫర్బిష్డ్ డెల్ లాటిట్యూడ్ 5490: నాలుగు నెలల వాడకం తర్వాత

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి ఆన్‌లైన్ తరగతులకు, అసైన్‌మెంట్లకు ఫోను తెర చాలకుండా పోయింది. నాకు కూడా బ్యాంకు పనులు, రైలు టికెట్లు, మా అత్తగారి పింఛను పత్రాలు ఉంటాయి. ఈపాటి పనులకు కొత్త యంత్రం కొనడం భారమనిపించి, ఏదో ఒక కంపెనీ కొన్నేళ్లు వాడి తీసేసిన తర్వాత శుభ్రం చేసి, పాడైన భాగాలు మార్చి మళ్లీ అమ్మకానికి పెట్టే రిఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనాలని నిర్ణయించుకున్నాము.

అంతకుముందు ఒకసారి దెబ్బతిన్నాము కనుకనే ఈసారి ఇంత జాగ్రత్త పడ్డాను. నిరుడు నగరంలోనే మరొక దుకాణంలో 13,000 రూపాయలకు ఒకటి కొన్నాము. విండోస్ 11 వేసి ఇచ్చారు, తెర ధగధగలాడింది. తీరా చూస్తే లోపల ఉన్నది ఐ5-6300యూ ప్రాసెసరు. అందులో గీత తర్వాత వచ్చే మొదటి అంకె 6 అంటే ఆరో తరమని, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే విండోస్ 11 అధికారికంగా నడుస్తుందని నాకు అప్పటికి తెలియదు. అడ్డదారిన ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పోనీ విండోస్ 10కి వెళదామంటే దాని సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. బ్యాంకు ఖాతా తెరిచే యంత్రానికి భద్రతా అప్‌డేట్లు రాకపోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. వాపసు అడిగితే రసీదు వెనుక ముద్రించిన షరతు చూపించారు.

ఈసారి వెళ్లిన దుకాణం మొదటి అంతస్తులో, రెండు బల్లలు పట్టేంత గది. నేను అడగకముందే అక్కడ అమ్మే అబ్బాయి, "అమ్మా, వెనక మూత తీసి చూపిస్తాను, చూసుకున్నాకే డబ్బులివ్వండి" అన్నాడు. మూత తీశాక నేను ముందు చూసింది స్క్రూలను, యూఎస్‌బీ రంధ్రాల అంచులను. మన ఊరి ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో పెదవాల్తేరులో ఉన్న మాకు వేరే చెప్పనక్కరలేదు. అతను చూపించిన మూడింటిలో ఒకదాని స్క్రూ తలలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టించాను. నేను ఎంచుకున్న దానిలో ఐ5-8250యూ ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ (తెరిచిన పనులను పట్టి ఉంచే మెమరీ), ఫైళ్లు దాచుకునేందుకు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. మూత మీద పాత కంపెనీ అంటించిన స్టిక్కరు తాలూకు జిగురు మరక ఇప్పటికీ పోలేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసింది బ్యాటరీ. విండోస్‌లోనే ఒక ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీయవచ్చు. కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా ఛార్జి చేస్తే నిలిచే సామర్థ్యం రెండూ అందులో కనిపిస్తాయి. దీనిలో మొదటిది 68 వాట్ అవర్లు, రెండోది 41 మాత్రమే. అంటే అరవై శాతం. ఆ మాట చెప్పగానే అతను వాదించకుండా లోపలి నుంచి 58 చూపించే మరో బ్యాటరీ తెచ్చి వేశాడు. ఆ తర్వాత ఎఫ్2 నొక్కి, విండోస్ కన్నా ముందు నడిచే బయోస్‌కు పాస్‌వర్డ్ లేదని, సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయి ఉందని చూపించాడు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కి చూశాను. కొన్ని కంపెనీలు కెమెరా లేని మోడళ్లే తెప్పించుకుంటాయి కనుక కెమెరా ఉందో లేదో కూడా చూసుకోవాలి. తరగతులకు అది లేకపోతే కొన్న ప్రయోజనమే ఉండదు.

వాడకం సంగతికి వస్తే, పది పన్నెండు ట్యాబులు, ఒక వీడియో తరగతి, పక్కన వర్డ్ ఫైలు తెరిచి ఉన్నా ఎక్కడా ఆగలేదు. ఛార్జి సుమారు ఐదు గంటలు నిలుస్తోంది. విండోస్‌లోనే ఉన్న ఫొనెటిక్ కీబోర్డుతో తెలుగు టైపు చేయడం నాకు చాలా సుఖంగా ఉంది; ఈ సమీక్ష కూడా దానిమీదే రాస్తున్నాను. మీటల తాకిడి మెత్తగా, నిలకడగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. తెర 1366×768 రకానిది కావడం వల్ల పొడవాటి దరఖాస్తులు నింపేటప్పుడు మాటిమాటికి కిందికి జరుపుకోవలసి వస్తుంది, పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఇదే మోడల్‌లో ఫుల్ హెచ్‌డీ తెర ఉన్నవి కూడా వచ్చాయి. దొరికితే కాస్త ఎక్కువ పెట్టి అదే తీసుకోమంటాను. కెమెరాలో రాత్రిపూట ముఖం మసకగా కనిపిస్తుంది. రెండో నెలలో తెరను కింది భాగంతో కలిపే ఎడమవైపు హింజి వదులైతే, మూడు నెలల వారంటీ ఉంది కనుక దుకాణానికి తీసుకెళ్లాను. పావుగంటలో బిగించి, డబ్బు తీసుకోకుండా పంపించారు. రెండో ర్యామ్ స్లాటు ఖాళీగానే ఉంది, ఇప్పటివరకు దాన్ని నింపవలసిన అవసరం రాలేదు.