కాలువలు కట్టేశాక స్లాబు వేయిస్తున్నారా? ముందు ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి

మొన్న ఆదివారం మా హాల్లో సీలింగు నుంచి అప్పడమంత పెచ్చు ఊడిపడిందండి. పిల్లాడు అప్పుడే టేబులు దగ్గర నుంచి లేచి వెళ్ళాడు, ఐదు నిమిషాలు ముందైతే నెత్తిమీదే పడేది. కుర్చీ వేసుకుని పైకి చూస్తే లోపల ఊచ కనబడుతోంది, నల్లగా ఉండాల్సింది కాస్తా ఇటుక రంగులో పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, గోటితో గీకితే పొడి రాలింది. ఈ ఇంట్లో మేం పాలు పొంగించుకుని మూడేళ్ళు కూడా కాలేదు. మళ్ళీ కాలువలు కట్టేసే, అంటే వేసవికి కాలువలకి నీళ్ళు ఆపేసే రోజులొస్తున్నాయి, మా వైపు చాలామంది స్లాబులకి రెడీ అవుతుంటారు, అందుకే కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమలో మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఒక ఊరు. మా ఆయన ఖతర్‌లో ఉంటారు, ఇల్లు కట్టించే పని మొత్తం నా మీదే పడింది. 2022 జూలై వరదకి పాత పెంకుటింట్లోకి మోకాలు లోతు నీళ్ళొచ్చాయి. ఇంక లాభం లేదని అది తీసేసి 1,200 అడుగుల స్లాబు ఇల్లు కట్టుకుందామనుకున్నాం. మెరక ఎంత వెయ్యాలన్నప్పుడు మా అత్తయ్యగారు ఎదురింటివాళ్ళ పాత గోడ దగ్గరికి తీసుకెళ్ళి, 1986 వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో వేలు పెట్టి చూపించారు. దానికి జానెడు పైకి ఫ్లోరింగు వచ్చేలా గ్రావెల్ తోలించి, దిమ్మిస కొట్టించి, అప్పుడు కట్టాం. ఎత్తు విషయంలో ఆవిడ మాట విన్నాం. నీళ్ళ విషయంలో వినలేదు. మొత్తం కథ ఇంతే అసలు.

కాంట్రాక్టరు బయటివాడు కాదు, మా పుట్టింటి వైపు వరసకి అన్నయ్య అవుతాడు. పేరు రాయను, రాసి చుట్టరికం చెడగొట్టుకునే ఓపిక లేదు నాకు. మెటీరియల్‌తో సహా అడుక్కి 1,750 చొప్పున 21 లక్షలకి మాట్లాడుకున్నాం. "చెల్లెమ్మా, నువ్వు బెంగెట్టుకోకు, బావగారిని ఫోన్లో చూసుకోమను చాలు" అన్నాడు. తెల్లకాగితం మీద రెండు పక్కలా రాసుకున్నాం, సంతకాలు పెట్టుకున్నాం. అందులో సిమెంటు ఏ కంపెనీదో ఉంది, ఇనుము ఏ కంపెనీదో ఉంది, తలుపులు ఏ చెక్కో ఉంది, ఆఖరికి బాత్రూమ్ కుళాయిల పేరు కూడా ఉంది. నీళ్ళు ఎక్కడివో లేదు. నీళ్ళ గురించి రాసుకోవాలని ఎవరికి తడుతుంది చెప్పండి, గోదావరి జిల్లాలో పుట్టి!

నేనూ మరీ అమాయకురాలినేం కాదు. తెలిసినవాళ్ళందరూ ఇనుములోనే కొట్టేస్తారు జాగ్రత్త అంటే, లోడు దిగిన రోజు మా తమ్ముణ్ణి పిలిచి కాటా వేయించాను. 12 ఎంఎం ఊచ 12 మీటర్లది 10 కేజీల 650 గ్రాముల దాకా తూగాలి, తూగింది. సిమెంటు బస్తాల మీద తారీఖులు చూశాను, కొత్తవే. నిజం చెప్పాలంటే ఆ రెండిట్లో ఆయన రూపాయి కూడా తినలేదు. అక్కడే నేను బోల్తా పడ్డాను. ఇనుము సరిగ్గా ఇచ్చినవాడు ఇంక దేంట్లో మోసం చేస్తాడులే అని ధైర్యం వచ్చేసింది.

మా ఆయనకి సెలవు ఆగస్టు ఆఖర్లో దొరికింది. ఆ ఏడు, 2023లో, అధిక శ్రావణం వచ్చింది కదా, నిజ శ్రావణంలో గృహప్రవేశం ముహూర్తం పెట్టించాం. దాంతో లెక్క వెనక్కి వేసుకుంటూ వస్తే స్లాబు మే నెలలో పడి తీరాలి. మే అంటే మన డెల్టాలో ఏంటో మీకు చెప్పక్కర్లేదు, దాళ్వా, అంటే రెండో పంట, కోతలైపోయి కాలువలు కట్టేసి ఉంటారు, పొలాల బోదెల్లో చుక్క ఉండదు. కాలువ పారినన్నాళ్ళూ మా దొడ్లో బోరు నీళ్ళు ఫరవాలేదు, కాస్త చప్పగా ఉంటాయి, బట్టలు ఉతుక్కోవచ్చు. మాది సముద్రం దగ్గర నేల, పైన కొద్ది లోతు వరకే మంచినీళ్ళు, ఆ కింద అంతా ఉప్పే. కాలువ ఆగిపోయి పైన ఊట తగ్గేసరికి కింద ఉన్న ఉప్పు పైకొస్తుంది. దానికి తోడు స్లాబు పని కోసం కాంట్రాక్టరు బోరుకి పెద్ద మోటారు బిగించి గంటలకి గంటలు తోడాడు.

స్లాబు ముందురోజు సాయంత్రం డ్రమ్ములు నింపుతుంటే అత్తయ్యగారు కాళ్ళు కడుక్కుందామని వెళ్ళి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని థూ అని ఉమ్మేశారు. "ఏమయ్యా, ఇవి ఉప్పు కషాయంలా ఉన్నాయి, వీటితో కలుపుతావా సిమెంటు?" అన్నారు. ఆయన నవ్వాడు. "తాగడానికా అత్తా, ఊళ్ళో అందరి స్లాబులూ ఈ నీళ్ళతోనే పడ్డాయి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ట్యాంకరు చెప్పనా అన్నయ్యా అని ఒక్కసారి అడిగాను. "ఎందుకు దండగ" అన్నాడు. అంతే, ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

దండగ ఎంతో తర్వాత కూర్చుని లెక్కేశాను. మా స్లాబుకీ బీములకీ కలిపి 130 బస్తాల దాకా సిమెంటు పట్టింది. బస్తాకి 27 లీటర్లు వేసుకున్నా మూడున్నర వేల లీటర్లు. స్లాబు మీద మడులు కట్టి రెండంగుళాల నీళ్ళు నిలపాలంటే ఐదున్నర వేల పైచిలుకు, మే ఎండకి రోజూ ఆవిరయ్యేది మళ్ళీ పోసుకోవాలి, అదొక పది పన్నెండు వేలు. అన్నీ కలిపినా 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగైదు. అప్పుడు మా వైపు ట్యాంకరు మంచినీళ్ళు 900. అంటే 21 లక్షల ఇంట్లో నాలుగున్నర వేల దగ్గర కక్కుర్తి పడ్డాం. పోనీ అంతా కాకపోయినా, కలపడానికి ఒక్క ట్యాంకరు, తొమ్మిది వందలు! మేస్త్రీలకి ఆరోజు కూల్‌డ్రింకులకే అంతకంటే ఎక్కువైంది.

పెచ్చు పడ్డాక ఒక రిటైర్డ్ ఇంజనీరు గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మంచి కాంక్రీటులో ఉన్న ఇనుముకి సిమెంటే ఒక రక్షణ పొరలా పనిచేస్తుందట, ఏళ్ళ తరబడి తుప్పు పట్టదు. నీళ్ళలో ఉప్పు, అంటే క్లోరైడు, ఎక్కువుంటే ఆ పొరని తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది, అది ముందు ఊచ వెంట గీతలా చిట్లి, తర్వాత పెచ్చులుగా రాలుతుంది. మనకి ఐఎస్ 456 అని కాంక్రీటు పనికి ఒక ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఇనుము వేసే కాంక్రీటులో వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోరు నీళ్ళు పోయిన వేసవిలో పట్టి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఇస్తే 1,840 వచ్చింది. 250 దగ్గర నుంచే నాలుకకి ఉప్పదనం తెలుస్తుందట. కాబట్టి అత్తయ్యగారి నాలుక ఆ ల్యాబుకి ఏమీ తీసిపోలేదు.

ఇంకో మూడు తప్పులు కూడా ఆయన పట్టుకున్నారు. ఊచలు కింద సెంట్రింగుకి తగలకుండా ఎత్తి పట్టే కవర్ బ్లాకులు పెట్టకుండా కంకర రాళ్ళు తోశారట, జనం తొక్కితే అవి జారిపోయాయి, కనీసం 20 ఎంఎం ఉండాల్సిన కవరు, అంటే ఊచ కింద కాంక్రీటు మందం, కొన్నిచోట్ల అరంగుళం కూడా లేదు. పైగా మడుల్లో నీళ్ళు ఐదు రోజులే ఉన్నాయి. ఎండల్లో మేం వాడిన పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటుకి పద్నాలుగు రోజులు తడి ఉండాలి. ఆ నీళ్ళూ ఉప్పువే కదండీ, తక్కువ రోజులు పొయ్యడమే మేలేమో అని నేనంటే ఆయన నవ్వలేదు. హాలు పదహారడుగుల వెడల్పు, అంత వెడల్పుకి పోట్లు, అంటే స్లాబు కింద నిలబెట్టే ఊతలు, పద్నాలుగు రోజులు ఉంచాలి, మావాడు వేరే సైటుకి సెంట్రింగు కావాలని పదో రోజునే విప్పుకుపోయాడు.

ఇసుక సంగతీ చెప్పాలి. జూలైలో ప్లాస్టింగ్ టైముకి గోదారికి నీళ్ళొచ్చి ఇసుక తీసే ర్యాంపులు ఆగిపోయాయి. ఒకరోజు పొద్దున్నే రెండు ట్రాక్టర్లు దిగాయి, ఏటి ఇసుకలా ముతకగా లేదు, మెత్తగా, బూడిద రంగులో, మధ్యమధ్య నల్లగా మెరుస్తోంది. ఎక్కడిది అంటే "దిబ్బ ఇసుక, గోడలకి బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు. సముద్రం పక్క దిబ్బలని నాకు తెలియక కాదు. మొదటి చలికాలానికే పడమటి గదిలో రంగు పొంగి, కింద తెల్లటి పొడి లేచింది. రోజూ తుడుస్తాను, మళ్ళీ లేస్తుంది. మీకు ట్రాక్టరు దిగినప్పుడు అనుమానం వస్తే చిటికెడు నోట్లో వేసుకోండి, సిగ్గేం లేదు, లేదంటే గ్లాసు మంచినీళ్ళలో కలిపి తేరాక ఆ నీళ్ళు రుచి చూడండి.

మరి అంత జరుగుతుంటే నువ్వేం చేస్తున్నావమ్మా అంటారేమో. అడగాల్సిన మాటే. స్లాబు పడేటప్పటికే నేను 21లో 15 లక్షలు ఇచ్చేశాను. అడ్వాన్సు 3, పునాదులకి 4, లింటలుకి 3, స్లాబుకి ముందు 5. ప్లాస్టింగు, ఫ్లోరింగు, కరెంటు, ప్లంబింగు, తలుపులు, రంగులు, ఇంత పని మిగిలుండగా నా చేతిలో 6 లక్షలే ఉన్నాయి. ఆ తర్వాత గట్టిగా ఒక మాట అంటే పని ఆగిపోయేది, మేస్త్రీలు రెండ్రోజులు కనబడేవాళ్ళు కాదు, ముహూర్తం దగ్గరికొస్తుంటే టెన్షన్‌తో నేనే ఫోన్ చేసి "పోన్లే అన్నయ్యా, ఎలాగోలా కానివ్వు" అనేదాన్ని. డబ్బు పనికంటే ముందు నడిస్తే మన నోరు మూతపడిపోతుంది. మీరు మాత్రం స్లాబు తాలూకు డబ్బులో కనీసం లక్షైనా ఆపండి, సెంట్రింగ్ విప్పాక లోపలికెళ్ళి టార్చి వేసి సీలింగంతా చూసి, ఎక్కడా ఊచలు కనబడటం లేదని తెలిశాకే ఇవ్వండి. చుట్టమైతే మరీను.

కాగితంలో నీళ్ళ గురించి ఒక లైను రాయించండి. కలపడానికీ తడపడానికీ ఏ నీళ్ళు, ట్యాంకరు అయితే ఖర్చు ఎవరిది అని. ఒప్పుకోకపోతే ట్యాంకరు మీరే పెట్టుకోండి, తప్పులేదు. వీలైతే జూన్‌లో కాలువలు వదిలాక వేయించుకోండి, అయితే అప్పుడు వానలు మొదలవుతాయి, టార్పాలిన్లు దగ్గర ఉంచుకోవాలి. బోరు నీళ్ళు కాలువ పారేటప్పుడు టెస్ట్ చేయించి బాగున్నాయని వేసవిలో వాడేయకండి, అవీ ఇవీ ఒకటి కావు. చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు.

కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చా అని కూడా కనుక్కున్నాను. 2019 చట్టం కింద ఇల్లు కట్టిచ్చే పని కూడా సేవే, 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది. అందుకని గీత కనబడిన రోజునే తారీఖుతో ఫోటో తీసి, కాంట్రాక్టరుకి రాతపూర్వకంగా పంపండి. నేను ఫోన్లో మాట్లాడుతూ కాలక్షేపం చేశాను, డబ్బులో సగం చేతికే ఇచ్చాను, రసీదు లేదు. మా ఆయన వద్దులే, అందరం ఒకే ఊళ్ళో పెళ్ళిళ్ళకి కలుస్తాం అంటున్నారు. నాకైతే ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు.

రిపేరుకి లక్షా అరవై వేలు అడుగుతున్నారు, హాలుకీ పడమటి గదికీ. ఊడినచోట చెక్కేసి, తుప్పు బ్రష్షుతో గీకి, మందు పూసి, కొత్త మోర్టారు కొడతారు. పక్క ఊచకి మళ్ళీ రాదని మాత్రం రాసివ్వరు, ఎందుకంటే ఉప్పు స్లాబంతా ఉంది.

మా కాంట్రాక్టరు అన్నయ్య ఇప్పుడు మా వెనక వీధిలోనే ఇంకో ఇల్లు కడుతున్నాడు. నిన్న సాయంత్రం వెళ్ళాను, ఆయన లేడు, ఆ ఇల్లు కట్టించుకుంటున్నావిడ ఉంది. ఫోన్లో మా సీలింగు ఫోటోలు చూపించాను. ఆవిడ పైపు దగ్గరికెళ్ళి దోసిట్లో పట్టి రుచి చూసింది, మొహం అదోలా పెట్టింది. "ఉప్పగానే ఉన్నాయండి," అంది, "కానీ మేస్త్రిగారు పర్లేదన్నారు."