నేలపట్టు, పులికాట్: నెల్లూరు నుంచి ఒక్కరోజు ప్రయాణం

నెల్లూరు నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణాల్లో నా ఓటు నేలపట్టు పక్షుల చెరువుకే. సూళ్ళూరుపేట వైపు ఊళ్ళు 2022లో తిరుపతి జిల్లాలో కలిశాయి గానీ, మాకు అవి ఇప్పటికీ నెల్లూరు ఊళ్ళే. జాతీయ రహదారి మీద నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరిగితే కాసేపట్లోనే చెరువు వస్తుంది. సంక్రాంతి సెలవుల్లో మా నాయన్నీ పిల్లల్నీ తీసుకుని వెళ్ళాం.

కట్ట ఎక్కకముందే అరుపులు వినబడతాయి. అవి గూడబాతు (పెలికాన్) పిల్లలవి. పెద్దవాటికి నోరు పెద్దగా లేవదు, గోలంతా పిల్లలదే. చెరువు నీళ్ళలో నీటికడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి కొమ్మల నిండా పుల్లల గూళ్ళు, రెట్టతో తెల్లబడిపోయిన ఆకులు. తల్లి వచ్చి వాలగానే పిల్ల తన తలను దాని ముక్కు కింది సంచి లోపలికి, గొంతుదాకా దూర్చేసి చేపలు లాక్కుంటుంది. తల్లి పిల్లను మింగేస్తోందనుకుని మా చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. తల బయటికి వచ్చేదాకా వదల్లేదు. బైనాక్యులర్స్ ఉంటేనే ఇదంతా కనబడుతుంది, తప్పకుండా పట్టుకెళ్ళండి. నత్తగుల్లకొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు కూడా అక్కడే గూళ్ళు కట్టుకుంటాయి.

మా నాయన జీవితమంతా వరి పండించినవాడు. ఆయన చూపు పక్షుల కంటే నీళ్ళ మీదే ఎక్కువ ఉంది. "ఇంత రెట్ట కలిసిన నీళ్ళు పారితే యూరియా ఎంత మిగుల్తుందిరా" అన్నాడు. ఆ ఊరి రైతుల మాటా అదే. ప్రభుత్వం 1976లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. కానీ పక్షులొస్తే పంటలు బాగుంటాయన్న నమ్మకంతో వాటి జోలికి ఎవరినీ పోనివ్వని ఆ ఊరివాళ్ళకే నేను ముందు దండం పెడతాను.

కారు మాట్లాడుకునేటప్పుడే నేలపట్టులో కనీసం మూడు గంటలు ఆగాలని ఖచ్చితంగా చెప్పండి. మా డ్రైవర్ గంట కాకముందే "ఇంకేముంది సార్, చూసేశారుగా" అంటూ తొందరపెట్టాడు. పైగా కట్ట కింద బండిలో పాటలు పెట్టాడు. పిల్లల్ని పెంచుకుంటున్న పక్షుల పక్కన అలాంటి చప్పుడు చెయ్యకూడదు.

గూడబాతులు తెచ్చే చేపల్లో చాలావరకు పులికాట్‌లో వేటాడినవే. అందుకే నేలపట్టు చూశాకే పులికాట్‌కు వెళ్ళాలంటాను. చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా శ్రీహరికోట దీవి ఉంటుంది. సూళ్ళూరుపేట నుంచి అక్కడికి వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఫ్లెమింగోలు దూరంగా, లోతు లేని నీళ్ళలో ఉంటాయి. తల తలకిందులు చేసి, ముక్కుతో నీళ్ళు వడగట్టి నాచూ చిన్న రొయ్యలూ తింటాయి. ఆ గులాబీ రంగు తిండి వల్ల వచ్చేదే. బూడిద రంగులో కనబడేవి ఇంకా ఎదగని పిల్లలు. ఫోటో కోసం అరిచి, రాళ్ళు విసిరి వాటిని లేపేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఆ మేత కోసమే కదా అవి అంత దూరం నుంచి వచ్చేది.

తడ దగ్గర భీములవారిపాళెం నుంచి ఇరకం దీవి వైపు పడవలో వెళ్ళాం. మా పడవ నడిపిన అన్న, కొంగల గుంపు కనబడగానే ఇంజన్ ఆపేసి, గెడతో తోసుకుంటూ తీసుకెళ్ళాడు. ఒక్క పక్షి కూడా లేవలేదు. పక్కనే జాలర్లు నడుం లోతు నీళ్ళలో నిలబడి వల లాగుతున్నారు. డబ్బులకు పూర్తి న్యాయం జరిగింది.

భోజనం సూళ్ళూరుపేటలో చేశాం, పర్వాలేదు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం బాగా ఉంటారు, పక్షుల కోసమే అయితే వేరే రోజు చూసుకోండి. అక్టోబర్ నుంచి మార్చి దాకా సీజన్, డిసెంబర్, జనవరి అయితే ఇంకా మంచిది. ఈశాన్య రుతుపవనాలు సరిగ్గా కురవక చెరువు నిండకపోతే గూళ్ళు బాగా తగ్గిపోతాయి. బయలుదేరే ముందే దొరవారిసత్రంలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి, చెరువులో నీళ్ళెలా ఉన్నాయో కనుక్కోండి.