చార్మినార్ రూపాయికి గ్రేడింగ్: పీసీజీఎస్ మేలా, ఎన్‌జీసీ మేలా?

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి మంచి స్థితిలో దొరికితే చాలు, మన హైదరాబాద్ కలెక్టర్లు ముందు అడిగేది ఇదే: ఎక్కడికి పంపాలి?

నాణెం స్థితి చూసి మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, లేబుల్ అంటించి పంపే ఈ సంస్థలు రెండూ అమెరికావే. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. రెండూ 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ స్కేలు మీదే మార్కు వేస్తాయి. ఏయూ (దాదాపు వాడనిది) 58 వరకు వాడిన నాణెం కిందే లెక్క, ఎంఎస్ (టంకశాల స్థితి) 60 నుంచి వాడనిది. నన్నడిగితే పేరు కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: అదే నాణెం రెండోసారి పంపితే అదే మార్కు వస్తుందా?

బాగా అరిగిన నాణేల్లో పెద్ద తేడా రాదు. చిక్కంతా 58కీ 62కీ మధ్యే. నా దగ్గరున్న రూపాయిని బల్బు కింద మెల్లగా తిప్పితే వెలుగు గిర్రున తిరుగుతుంది, మీనార్ల కొసల దగ్గర మాత్రం కాస్త మసక. అది అరుగుదలా, అచ్చు సరిగా పడకపోవడమా? ఒక గ్రేడింగ్ సంస్థ దానికి 58 ఇచ్చింది. డబ్బా పగలగొట్టి ఏడాది తర్వాత అక్కడికే పంపితే 61 వచ్చింది! ఆ ఏడాదంతా నాణెం బీరువా దాటలేదు. చూసేది మనుషులే కాబట్టి ఈ ఊగిసలాట ఏ సంస్థలోనైనా తప్పదు.

మన నాణేలకు అసలు గండం తోమడం. చింతపండు పెట్టి తళతళలాడించిన రూపాయిలు జుమేరాత్ బజార్‌లో ఎన్ని చూశానో! వాటికి రెండు సంస్థలూ అంకె ఇవ్వవు, 'డీటెయిల్స్' అని, అంటే నాణెంలో లోపం ఉందని, రాసి పంపుతాయి. పాత తోముడు గీతలు సన్నగా ఉంటే ఒకచోట పట్టుబడి ఇంకోచోట గట్టెక్కడమూ ఉంటుంది. పంపేముందు భూతద్దంతో మీరే చూసుకోండి.

అమెరికా నాణేలైతే పీసీజీఎస్ అంటాను, అక్కడి కొనుగోలుదారులు దానికి తరచూ ఎక్కువ పెడతారు. నిజాం నాణేలకు నా ఓటు ఎన్‌జీసీకే. ఇతర దేశాల నాణేలకు వాళ్ళ ఉచిత ధరల పట్టిక నాకు బాగా పనికొస్తోంది. అయితే ఎవరి లేబుల్ వచ్చినా, దాని మీద రాసిన రకాన్ని నాణెంపై చార్మినార్ ద్వారంలో ఉండే 'ఐన్' అనే ఉర్దూ అక్షరంతో పోల్చి చూడండి. తొలి ఏళ్ళలో అది పొట్టిగా, తర్వాత నిండుగా ఉంటుంది.

మామూలు సంవత్సరం రూపాయి అయితే రెండూ వద్దు. అందులో ఉన్నది సుమారు 9 గ్రాముల వెండి. ఫీజు, కొరియర్, ఇన్సూరెన్స్ కలిపితే నాణెం ధరే దాటిపోతుంది.

ఇప్పటికే డబ్బాలో ఉన్నదాన్ని మాత్రం నాలా పగలగొట్టకండి. క్రాస్‌ఓవర్ (ఒక సంస్థ డబ్బాలోని నాణేన్ని అలాగే రెండో సంస్థకు పంపడం) కింద కనీస మార్కు చెప్పి పంపితే, అది రాకపోతే పాత డబ్బాలోనే తిరిగొస్తుంది. నా రూపాయిని నేను 58 ధరకే లెక్కేసుకుంటున్నాను. ఎప్పుడైనా అమ్మితే, కొనేవాళ్ళకు రెండు మార్కుల సంగతీ చెప్పే ఇస్తాను.