గండికోటలో టెంట్‌కి డబ్బులు పంపే ముందు ఇది చదవండి

కడప జిల్లాలో పెన్నా లోయ అంచున ఉన్న పాత కోట గండికోట, తప్పకుండా వెళ్ళండి గానీ వాట్సాప్‌లో ఫొటోలు చూసి టెంట్ బుక్ చేయకండి. మాకు పంపిన ఫొటోల్లో టెంట్ సరిగ్గా లోయ అంచున ఉంది, కింద పెన్నా నది, ఎదురుగా సూర్యోదయం. మనిషికి 1,200, అందులోనే రాత్రి భోజనం, క్యాంప్ ఫైర్, పొద్దున టిఫిన్ అన్నాడు టెంట్ల వాడు. తీరా వెళ్తే మా టెంట్ కార్లు పెట్టే చోటుకి ఆనుకొని జనరేటర్ పక్కన ఉంది. లోయ ఏదయ్యా అంటే "నడిస్తే దగ్గరే సార్" అంటాడు.

ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చాయని ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేను, మా బావ, మా పిన్ని కొడుకు, వాడి ఫ్రెండు. నంద్యాలలో దిగి లాడ్జిలో పడుకున్నాం, రూమ్ 900, పర్లేదు. కారు రోజుకి 3,500, డీజిల్ మాదే. వంశధార పక్కన పుట్టి పెరిగిన మాకు ఆ నేల చూస్తే నోట మాట రాలేదు, కనుచూపు మేర చెట్టు లేదు, నల్లరాయి, ఎండ.

గండికోట కంటే ముందు, దారిలో బేలం గుహలు. బయట ఎండకి తట్టుకోలేక లోపలికెళ్తే చల్లగా ఉంటుందని ఆశపడతారేమో, ఉండదు. బొర్రాలో లాగ దిగగానే పెద్ద హాలు కనిపించదు, ఇవన్నీ పొడుగాటి సందులు, కొన్నిచోట్ల నడుం వంచి నడవాలి, ఉక్కపోతకి చొక్కా పిండుకోవచ్చు. మొత్తం 3,229 మీటర్ల గుహలో మనల్ని తిరగనిచ్చేది కిలోమీటరున్నర. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడట, కానీ లోపలంతా పాకి కొలిచింది మాత్రం 1982, 83లో వచ్చిన జర్మనీ టీమ్. లైట్లూ మెట్లూ ఉన్నా మాకే ఆయాసం వచ్చింది, వాళ్ళు ఎలా తిరిగారో మరి. అన్నిటికన్నా కిందున్న పాతాళగంగ అనే చోటు గుహ ద్వారం నుంచి 46 మీటర్ల లోతున ఉంది, అక్కడ సన్నటి నీటి పాయ ఎటుపోతుందో తెలీకుండా రాయిలోకి పోతుంది. మా బావ అక్కడ కూర్చుండిపోయాడు, లేవనంటాడు. సప్తస్వరాల గుహలో గైడ్ వేలి కణుపుతో కొడితే రాయి గంటలాగ మోగింది. దయచేసి మీరు రాళ్ళతో కొట్టకండి, కొందరు అదే పనిగా బాదుతున్నారు.

బయటికొచ్చాక డ్రైవర్ రోడ్డు పక్క రేకుల షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు 40. బొరుగులు తడిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుట్నాల పొడి వేసి కలుపుతారు, పైన నిమ్మకాయ. అన్నం లేకపోతే అలిగే మా బావ రెండు ప్లేట్లు లాగించి, వండిన పెద్దావిడని "అమ్మా, ఈ పొడి ఎలాగ కొడతారు" అని అడిగి మరీ తెలుసుకున్నాడు. ఈ ట్రిప్‌లో డబ్బులకి తగ్గది ఇదొక్కటే అనిపించింది.

ఇక ఆ రాత్రి. జిప్పు ఊడిన టెంట్, కింద చాప, చాప కింద రాళ్ళు. భోజనంలో చికెన్ అంటే మనిషికి రెండు ముక్కలు. క్యాంప్ ఫైర్ ఫ్రీ అట, కట్టెలకి మాత్రం 400. పక్క గ్రూపు స్పీకర్ రెండింటి దాకా ఆగలేదు, అది ఆగాక జనరేటర్ చప్పుడు ఇంకా బాగా వినపడింది. పొద్దునకి బాత్రూంలో డ్రమ్ము ఖాళీ. మా బావకి అసలే నడుం నొప్పి, అర్ధరాత్రి దుప్పటి తీసుకొని కార్లోకి పోతూ "ఏటిరా ఇది, శ్రీకూర్మం తీర్థానికెళ్ళి మండపంలో గుడ్డ పరుచుకున్నా ఇంతకన్నా సుకంగా ఉండును" అన్నాడు. తెల్లారి టిఫిన్ టైంకి గానీ నాతో మాట్లాడలేదు. డబ్బులు వెనక్కిమ్మంటే ఓనర్ ఫోన్ స్విచాఫ్ అని గంటసేపు నిలబెట్టి, చివరికి 500 చేతిలో పెట్టాడు.

అయితే ఐదింటికే లేచి టార్చి వేసుకొని జామియా మసీదు దాటి బండల మీదుగా లోయ దాకా వెళ్ళాం చూడండి, అక్కడ మాత్రం తిట్లన్నీ ఆగిపోయాయి. నిలువునా కోసిన ఎర్ర రాళ్ళ మధ్య పెన్నా పచ్చగా, ఎండ మెల్లగా ఒక గోడ మీద నుంచి ఇంకో గోడ మీదకి దిగుతుంది. రైలింగ్ లేదు. పిల్లలతో వెళ్తే చేయి వదలొద్దు, సెల్ఫీల కోసం కొసకి పోయే కుర్రాళ్ళని చూస్తే మాకే గుండె జారింది. మాధవరాయ గుడి గోపురం, ధాన్యాగారం తొమ్మిదిలోపే చూసేయండి, తర్వాత బండ మీద కాలు పెట్టలేరు.

టూరిజం వాళ్ళ హరిత హోటల్ గండికోటలోనే ఉంది, సెలవుల్లో మాకు దొరకలేదు, మీరు ముందే ప్రయత్నించండి. టెంటే కావాలంటే అక్కడికెళ్ళి, చోటు చూసి, జనరేటర్ ఎక్కడ పెడతారో అడిగి అప్పుడివ్వండి డబ్బులు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపయితే హాయి, ఏప్రిల్, మే జోలికి పోకండి.