మెడికల్ షాపు సిరంజితో ఫోర్కు ఆయిల్: ఒక వేసవి, ఒక వానాకాలం తర్వాత

ముందు తిట్టవలసింది తిట్టేసి అసలు విషయానికి వస్తాను. నా టూరింగ్ బండికి ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని, లోపలున్న స్ప్రింగు, నూనెలతో కుదుపులు తగ్గించే గొట్టాలు) కింద డ్రెయిన్ బోల్టు లేదు. పాత బళ్లలో చాలావాటికి ఉండేది. చిన్న స్క్రూ విప్పి, హ్యాండిల్ పట్టుకుని నాలుగుసార్లు నొక్కితే పాత నూనె కిందికి వచ్చేసేది. ఇప్పుడా స్క్రూ తీసేసి ఎన్ని రూపాయలు మిగుల్చుకున్నారో గాని, నూనె మార్చాలంటే చక్రం, బ్రేకు క్యాలిపర్, మడ్‌గార్డు అన్నీ ఊడదీసి ఫోర్కులు రెండూ బయటికి లాగాల్సిందే. అందుకే ప్రతి సర్వీసింగులో ఇంజన్ ఆయిల్ మారుతుంది, చైనుకు గ్రీజు పడుతుంది, ఫోర్కు ఆయిల్ మాత్రం సీలు (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కారేదాకా ఎవరికీ గుర్తు రాదు.

ఎలా ఊడదీయాలో వీడియోలు బోలెడు ఉన్నాయి, ఆ వరుస మళ్లీ రాయను. రెండు విషయాలు మాత్రం చెప్పకుండా ఉండలేను. పైనున్న మూత బోల్టును ఫోర్కు ఇంకా కింది క్లాంపులో బిగిసి ఉండగానే కాస్త వదులు చేయాలి. బయటికి తీశాక ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో తిప్పుదామంటే కుదరదు. చివరి మర దగ్గరికి వచ్చేసరికి ఆ మూతను అరచేత్తో గట్టిగా అదిమి పట్టాలి. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, మూతి ఆ వైపు పెట్టకండి. క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తాడుతో కట్టేయాలి. మిగతాదంతా ఓపిక, చెమట. మే నెలలో పటమటలో అపార్ట్‌మెంటు సెల్లారులో కూర్చుని చేసే పని ఎలా ఉంటుందో విజయవాడ వాళ్లకు చెప్పనక్కరలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది స్ప్రింగులు తీశాక కనిపించిన నూనె మట్టం. అంతకుముందు ఒకసారి ఒక సర్వీస్ సెంటర్‌లో ఈ నూనె మార్పించాను. బిల్లు ప్రకారం రెండింటిలోనూ సమానంగా పోశారు. ఇప్పుడు రెండు ఫోర్కులనూ పూర్తిగా నొక్కి, నిటారుగా నిలబెట్టి, రాడ్డు (ఫోర్కు లోపలికి దిగే బోలు గొట్టం) అంచు నుంచి నూనె దాకా స్కేలు పెట్టి చూస్తే ఎడమ దానికీ కుడి దానికీ సెంటీమీటరుకు పైనే తేడా! ఎడమ వైపు వంచితే చిక్కటి డికాక్షన్ రంగులో, అడుగున మెరిసే సన్నటి లోహపు పొడితో దిగింది. కుడి వైపుది అంత పాడుకాలేదు. పాత నూనెను పూర్తిగా కార్చకుండా, ఆడించి ఖాళీ చేయకుండా, పైన కొలత ప్రకారం కొత్తది పోస్తే జరిగేది ఇదే. లోపల ఎంత మిగిలిందో తెలియనప్పుడు మిల్లీలీటర్ల లెక్కకు అర్థం లేదు.

సెంటీమీటరే కదా అనుకోవచ్చు. 41 మిల్లీమీటర్ల రాడ్డులో అది దాదాపు పది, పదకొండు మిల్లీలీటర్ల నూనె. కాని నూనె పైన ఉన్న గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది. ఫోర్కు దిగేకొద్దీ ఆ గాలి నలిగి, చివరి భాగంలో గట్టిగా అడ్డుకుంటుంది. నూనె ఎక్కువైతే గాలి తక్కువై బండి బిగదీసుకుపోతుంది, సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. తక్కువైతే బ్రేకు వేయగానే ముక్కు నేలకు వంగుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ నా బండి నమస్కారం పెట్టడానికి కారణం అప్పుడు తెలిసింది.

అందుకే మట్టం సరిచేసే సాధనం ఒకటి ఇంట్లోనే తయారుచేశాను. మెడికల్ షాపులో యాభై మిల్లీలీటర్ల సిరంజి, ఒక సెలైన్ ట్యూబు అడిగితే ఆయన జాలిగా చూసి, “ఇంట్లో ఎవరికండీ ఒంట్లో బాగాలేదు?” అన్నారు. బండికని చెబితే నమ్మలేదు. పాత ట్రాన్సిస్టర్ ఏంటెన్నాలోని సన్నటి గొట్టాన్ని ట్యూబు చివర తొడిగి, దానికి అడ్డంగా ఒక చెక్కముక్క బిగించాను. చెక్క నుంచి గొట్టం కొసదాకా ఉండే పొడవు, రాడ్డు అంచుకూ నూనెకూ మధ్య ఉండాలని మాన్యువల్‌లో చెప్పిన గ్యాప్ అంత. నూనె కాస్త ఎక్కువగా పోసి, బుడగలు రావడం ఆగేదాకా రాడ్డును నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, చెక్కను రాడ్డు మూతి మీద ఆనించి సిరంజి లాగడమే. మట్టం సరిపోగానే నూనె ఆగి గుర్రుమని గాలి వస్తుంది. రెండో దానిలోనూ అదే చప్పుడు. రెండు ఫోర్కులూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానం. ఈ బండి మీద పెట్టిన ఖర్చులన్నిటిలో నాకు బాగా నచ్చిన ఖర్చు ఇదే, అదీ చాయ్, సమోసాకు అయ్యేదానికన్నా కొంచెం ఎక్కువ.

తర్వాత దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కినప్పుడు, మలుపుకు ముందు బ్రేకు వేసినా ముందు భాగం కుంగకుండా నిలబడింది. వెనక భార్య, రెండు పెట్టెల సామాను ఉన్నాయి. అప్పట్లో మా వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాను, హ్యాండిల్ కూడా కుదుటపడిందని. ఆ మాట కొంత తగ్గించుకోవాలి. ముందు భాగం విప్పిన రోజే ఆటోనగర్ మెకానిక్ బాబాయి వచ్చి కోన్ సెట్‌ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులుగా ఉంటే బిగించి వెళ్లారు. హ్యాండిల్ ఘనత సగమైనా ఆయనదే.

ఈసారి నేను పోసింది 15W నూనె (ఈ అంకె నూనె చిక్కదనానిది, పెద్దదైతే చిక్కన). దాని విషయంలోనూ మొదటి ఉత్సాహం లేదు. ఎండకు నూనె పలచబడుతుంది కాబట్టి వేసవిలో, ఇద్దరం సామానుతో వెళ్లేటప్పుడు అది చక్కగా సరిపోయింది. చలికాలం పొద్దున్నే ఒక్కడినే ఉండవల్లి కరకట్ట మీద వెళ్తే ప్రతి చిన్న గతుకూ మణికట్టు దాకా వస్తోంది. వచ్చేసారి 10W పోస్తాను. డబ్బా మీది అంకెను మాత్రం పూర్తిగా నమ్మకండి. ఒక కంపెనీ 10W మరో కంపెనీ 10W అంత చిక్కగా ఉండాలని లేదు. కంపెనీ డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోకులో (చిక్కదనం కొలత) చూసి పోల్చుకోవాలి.

వానాకాలంలో కుడి సీలు చెమర్చింది. నూనె మార్చినందువల్ల కాదు, రాడ్డు మీద ఎండిన బురద డస్ట్ సీలు కిందికి చేరింది. పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి, కొసన కొక్కెంలా గాటు పెట్టి, సీలు పెదవి కింద చుట్టూ తిప్పితే నల్లటి మడ్డి వచ్చింది. కారడం ఆగింది. మళ్లీ కారితే సీళ్లు మార్చక తప్పదు.

నాకు సెల్లారు ఉంది, టార్క్ రెంచి ఉంది, పని అడ్డం తిరిగితే ఆటోనగర్ పక్కనే ఉంది. మూడో అంతస్తులో ఉంటూ బండిని వీధిలో నిలిపేవాళ్లకు ఇది ఇంట్లో చేయమని చెప్పను. మెకానిక్‌కే ఇవ్వండి, కాని మూత బిగించేముందు రెండు వైపులా గ్యాప్ కొలిచి చూపించమని అడగండి, ఆయన విసుక్కున్నా సరే. ఇదంతా మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు సంగతి. తలకిందుల ఫోర్కు (లావు గొట్టం పైన, సన్నది కింద ఉండేది), అందులో కార్ట్రిడ్జి (నూనె ప్రవాహాన్ని అదుపు చేసే విడి భాగం) ఉన్న బండయితే లోపలి నిర్మాణమే వేరు, నేను దాని జోలికి వెళ్లలేదు.