ఈఏ ఎఫ్‌సీ 26: నలుగురు దోస్తులుంటే పైసా వసూల్, ఒక్కరే ఉంటే ఆడి చూసి కొనండి

2025 సెప్టెంబర్ 26న, బతుకమ్మ సంబురాలు నడుస్తుండగా, దసరా సెలవుల్లో వచ్చింది ఈఏ కంపెనీ ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఎఫ్‌సీ 26. కవర్ మీద ఫుట్‌బాల్ ఆటగాళ్లు జూడ్ బెల్లింగమ్, జమాల్ ముసియాలా. ఒకప్పుడు ఫిఫా అన్న పేరుతో 1993 నుంచి వచ్చిన సిరీసే ఇది. 2023లో పేరు మారింది తప్ప ఏటా సెప్టెంబర్‌లో కొత్తది రావడం, దానికి పూర్తి ధర పెట్టడం మారలేదు. అందుకే పోయినేడాది ఆట ఉన్నోళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: మళ్లీ అంత పెట్టాలా?

ఈసారి అడగడానికి కారణం ఉంది. ఆటను రెండుగా చీల్చారు. ఒకటి కాంపిటీటివ్, రెండోది అథెంటిక్. మొదటిదాంట్లో పాస్ గుంజి కొట్టినట్టు పోతుంది, ప్లేయర్ బొంగరంలా తిరుగుతాడు. అల్టిమేట్ టీమ్ (ఆటగాళ్లను పోగేసి సొంత జట్టు కట్టుకునేది), క్లబ్స్ (దోస్తులతో కలిసి ఒకే జట్టుగా ఆడేది) లాంటి ఆన్‌లైన్ ఆటలన్నీ దీని మీదనే నడుస్తాయి. అథెంటిక్ ఏమో కెరీర్ మోడ్ కోసం, అంటే ఒక్కరే కూర్చొని సీజన్ల కొద్దీ జట్టును నడిపించే ఆట. ఇందులో నడక నిదానం, డిఫెండర్లు లైన్ వదలరు, గాల్లో బంతి కోసం కొట్లాట ఎక్కువ, కాలికి తగిలిన బంతి ఎటు పోతుందో ముందే చెప్పలేం. రాత్రి పన్నెండున్నర దాకా మేలుకొని చాంపియన్స్ లీగ్ చూసేవాళ్లకు ఇది అసలు ఫుట్‌బాల్‌కు దగ్గరగా అనిపిస్తుంది. కిందటి ఆటల్లో ఆన్‌లైన్ వాళ్ల ఫిర్యాదు మీద ఏదైనా మారిస్తే ఇంట్లో ఒక్కడే ఆడుకునేవాడి ఆట కూడా మారిపోయేది. ఆ గోస ఇప్పుడు చాలావరకు తప్పింది.

హనుమకొండలో, కాజీపేటలో గేమింగ్ పార్లర్‌కు పోయి గంట లెక్కన ఆడేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆట కాదు, కంట్రోలర్. పైసలు కట్టేముందు మెనూ తెరిచి రెండు స్టిక్‌లూ వదిలేయండి. కర్సర్ తనంతట తాను జరుగుతుంటే అది డ్రిఫ్ట్. లోపలి సెన్సర్ అరిగిపోయిందన్నమాట. ఆ కంట్రోలర్‌తో ఆడితే మీ డిఫెండర్ మీరు చెప్పకున్నా పక్కకు నడుస్తాడు, పెనాల్టీ బయటకు పోతుంది, తప్పు మీదే అనుకుంటారు. ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో ఇంకో సంగతి: ప్లేయర్ అలిసిపోయినకొద్దీ ఆర్2 ట్రిగ్గర్ గట్టిపడుతుంది. బటన్ పాడైందని కంగారు పడొద్దు, సెట్టింగ్స్‌లో ట్రిగ్గర్ ఎఫెక్ట్ ఆపేస్తే మామూలైపోతుంది. ఇంట్లో పాత పీఎస్4 కంట్రోలర్లు ఉన్నాయి కదా అని లెక్క వేసుకోకండి. పీఎస్5 ఆటలకు అవి పనిచేయవు. నలుగురు కూర్చోవాలంటే నాలుగు డ్యూయల్‌సెన్స్‌లు (పీఎస్5 సొంత కంట్రోలర్లు) కావాల్సిందే, ఆ ఖర్చు ముందు ఆట ఖర్చు చిన్నదే.

ఒక్కో హాఫ్ 6 నిమిషాలు పెట్టండి. రీప్లేలు, ఫ్రీ కిక్‌లు, జట్టు ఎంచుకునే వాదులాట అంతా కలుపుకొని మ్యాచ్‌కు పావుగంట పడుతుంది, అంటే గంటకు నాలుగు. గోల్ తర్వాత వచ్చే సంబరాలను బటన్ నొక్కి దాటేయాలి. పది నిమిషాల హాఫ్ పెడితే గంటలో రెండు మ్యాచ్‌లు దాటవు, బయట వంతు కోసం నిలబడ్డవాళ్లు ఊరుకోరు. ఇద్దరిద్దరు ఒకే జట్టుగా ఆడేటప్పుడు కెమెరాను కో-ఆప్‌కు మార్చాలి. మామూలు కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి రెండోవాడి ఆటగాడు తెర బయట ఉండిపోతాడు. ఒక్కరే ఆడితే టెలి కెమెరా పెట్టి ఎత్తు పెంచి, జూమ్ తగ్గించండి. అవతలి వింగర్ కనబడకుండా క్రాస్ పాస్ కొట్టలేరు.

కొత్తగా పట్టుకున్నవాళ్లు ఓడిపోయేది గోల్ కొట్టలేక కాదు, డిఫెన్స్ చేతగాక. బంతి పోగానే ప్లేస్టేషన్ కంట్రోలర్ మీది సర్కిల్, స్క్వేర్ బటన్లు టపటపా నొక్కుతారు. స్క్వేర్ అంటే జారి కొట్టడం. ఒకసారి జారితే లేవడానికి పట్టే టైములో అవతలివాడు గోల్‌కీపర్ ముందుంటాడు, గోల్ ముందున్న బాక్స్ లోపల మనిషికి తగిలితే పెనాల్టీ. ఎల్2 నొక్కి పట్టుకొని, స్టిక్‌తో ఎదుటివాడికీ గోల్‌కూ మధ్య నిలబడడం నేర్చుకుంటే సగం గోల్స్ ఆగుతాయి. బంతి ఉన్నవాడి మీదికి ఆర్1తో రెండో ఆటగాణ్ని పంపొచ్చు, కానీ దాన్ని వదలకుండా పట్టుకుంటే వెనక ఖాళీ పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం సెంటర్ బ్యాక్‌ను, అంటే గోల్ ముందు నడుమ నిలబడే డిఫెండర్‌ను, ముందుకు లాగొద్దు. అతను కదిలిన చోటే త్రూ బాల్ (డిఫెన్స్ వెనక ఖాళీలోకి పంపే పాస్) పడుతుంది. ప్లేయర్‌ను మార్చడానికి ఎల్1 బదులు కుడి స్టిక్‌ను కావాల్సిన దిక్కుకు తోయండి. ఎల్1 ఎవరిని ఎంచుకుంటుందో ఒక్కోసారి దానికే తెలియదు.

దాడిలో ఈసారి డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించడం) బాగుంది, స్టిక్ తిప్పగానే కాలు మాట వింటుంది. గోల్‌కీపర్లు కూడా నిలబడే చోటు మెరుగైంది. ఆర్1 పట్టుకొని సర్కిల్ కొడితే వంపు తిరిగే షాట్, బాక్స్ మూల నుంచి అవతలి పోస్ట్‌కు గురిపెట్టినప్పుడే పని చేస్తుంది. ఎల్1, ఆర్1 రెండూ పట్టి సర్కిల్ నొక్కే పవర్ షాట్‌కు కాలు వెనక్కి తీసేందుకు టైము కావాలి, పక్కన మనిషి ఉంటే బంతి పోయినట్టే. ఒక్క మాట గుర్తుంచుకోండి: అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా వేగం, షాట్ బలం అటూ ఇటూ అవుతుంటాయి. పోయిన నెల పనిచేసిన ఉపాయం ఈ నెల పనిచేయకపోవచ్చు.

ఒక్కరే ఆడేవాళ్లకు కెరీర్ ఉంది. అథెంటిక్, ప్రొఫెషనల్ స్థాయితో మొదలుపెట్టి, మూడేసి గోల్స్ తేడాతో గెలుస్తుంటే వరల్డ్ క్లాస్‌కు పోవాలి. ఈ రెండింటి మధ్య ఎత్తు ఎక్కువ, కంప్యూటర్ ఒక్కసారిగా మీద పడిపోతుంది, కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో కష్టాన్ని కొద్దికొద్దిగా మార్చే స్లైడర్లతో సర్దుకోవచ్చు. మేనేజర్ లైవ్ అని చిన్న చిన్న సవాళ్లు పెట్టారు. మొత్తం సీజన్ ఆడే ఓపిక లేనివాళ్లకు బాగున్నాయి. వేరే క్లబ్బుల మేనేజర్లు కూడా ఉద్యోగాలు మారుతుంటారు. ఇటలీ క్లబ్బులు ఇంటర్, మిలాన్ అభిమానులకు మాత్రం నిరాశే. లైసెన్స్ లేక లొంబార్డియా ఎఫ్‌సీ, మిలానో ఎఫ్‌సీ అన్న పేర్లతో, ఊరూ పేరూ లేని జెర్సీలతో కనబడతాయి. రష్ అనే ఐదుగురి ఆట సరదాగా ఉంటుంది. ఇందులో రెడ్ కార్డ్ బదులు బ్లూ కార్డ్, నిమిషం బయట కూర్చొని మళ్లీ రావచ్చు.

అల్టిమేట్ టీమ్ దగ్గరికి వచ్చేసరికి జేబు జాగ్రత్త. ప్యాకెట్ తెరిస్తే ఎవరొస్తారో తెలియదు, మంచి ఆటగాడు రావాలంటే అదృష్టమో, గంటల కొద్దీ ఆటో, పైసలో కావాలి. బెల్జియంలో ప్యాకెట్లు కొనే పాయింట్ల అమ్మకాన్ని 2019 మొదట్లోనే ఆపేయాల్సి వచ్చింది. ఇంత కష్టపడి కట్టిన జట్టు వచ్చే సెప్టెంబర్‌లో కొత్త ఆటకు రాదు. ఇంటర్ చదివే పిల్లాడి చేతిలో అమ్మానాన్నల కార్డు ఉంటే కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం మరవొద్దు.

కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు అసలు పరేషాన్ గ్రాఫిక్ కార్డ్ కాదు. జీటీఎక్స్ 1050 టీఐ, 8 జీబీ ర్యామ్ ఉంటే కనీస అర్హత వచ్చేస్తుంది, డిస్క్‌లో 100 జీబీ ఖాళీ కావాలి. కానీ మోసాలు ఆపడానికి పెట్టిన యాంటీ చీట్‌కు సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఆన్‌లో ఉండాలి. పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లో విండోస్ చాలాసార్లు ఎంబీఆర్ అనే పాత పద్ధతి డిస్క్ మీద ఉంటుంది. నేరుగా బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పటి సెట్టింగ్స్) పాత పద్ధతిలో లేపే సీఎస్ఎంను ఆపేస్తే కంప్యూటర్ లేవనే లేవదు. వరుస ఇదీ: ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోవాలి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని కీ రాసిపెట్టుకోవాలి, ఎంబీఆర్2జీపీటీ కమాండ్‌తో ముందు సరిచూసి తర్వాత డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి, ఆ తర్వాతే బయోస్‌లోకి పోయి సీఎస్ఎం ఆపి, సెక్యూర్ బూట్, టీపీఎం కోసం ఇంటెల్‌లో పీటీటీ లేదా ఏఎండీలో ఎఫ్‌టీపీఎం ఆన్ చేయాలి. లినక్స్ మీద ఇది నడవదు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ నిండుగా వస్తే 100 జీబీకి రెండుంబావు గంటలు, 40 వస్తే ఐదున్నర. రోజుకు ఒకటిన్నర జీబీ ఫోన్ డేటాతో అయ్యే పని కాదు.

కరెంటు సంగతి. ఆన్‌లైన్ మ్యాచ్ నడుమ కరెంటు పోతే అది ఓటమి కిందే లెక్క. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌కు పెట్టండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ క్షణంలోనే కన్సోల్ ఆగిపోవచ్చు. రౌటర్‌ను కూడా అదే లైన్‌కు కలపాలి, లేకుంటే టీవీ వెలుగుతుంది, మ్యాచ్ పోతుంది. కెరీర్ ఆడేవాళ్లు రెండు సేవ్‌లు వేరువేరుగా ఉంచుకోండి.

ఆన్‌లైన్‌లో దోస్తుతో ఆడాలనుకుంటే ముందు అతని కన్సోల్ ఏదో అడగండి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీ ఒక గుంపు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ ఇంకో గుంపు. గోడకు అటొకరు ఇటొకరు ఉంటే మ్యాచ్ కలవదు.

కొనేముందు ఈఏ ప్లే అనే చందా ఒక నెలకు తీసుకుంటే 10 గంటలు ఆడి చూడొచ్చు. అథెంటిక్ మీకు నచ్చిందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. పైసా పెట్టకుండా ఫుట్‌బాల్ కావాలంటే కొనామీ ఈఫుట్‌బాల్ ఫోన్‌లోనూ ఉచితమే, కానీ అక్కడా ఆటగాళ్ల కోసం అదృష్టం ఆటే. ఎఫ్‌సీ 25 ఉండి, కెరీర్ ఆడనివాళ్లు ఇది అగ్గువకు వచ్చేదాకా ఆగినా నష్టం లేదు, ఏడాది తిరగకముందే సేల్‌లో ధర బాగా దిగుతుంది. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే డిస్కే కొనండి, ఆడడం అయిపోయాక అమ్ముకోవచ్చు. ఆ అమ్మేదేదో ఆగస్టు లోపే అమ్మండి, సెప్టెంబర్‌లో కొత్తది రాగానే పాత డిస్క్‌ను అడిగేవాడుండడు.